బ్యాకప్ డాష్‌బోర్డులో రక్షిత యంత్రాల లెక్కింపు

ఒక సంస్థలోని కంప్యూటర్లలో ఎన్నింటి సమాచారానికి నకళ్ళు ఉన్నాయో ఒక్క చూపులో తెలిపేందుకు బ్యాకప్ సాఫ్టువేరు చూపే పుటను డాష్‌బోర్డు అంటారు. అందులో "రక్షిత యంత్రాలు" అనే శీర్షిక కింద కనిపించే సంఖ్య చాలాసార్లు ఆ సంస్థలోని కంప్యూటర్ల సంఖ్యతో సరిపోలదు. ఒక్కొక్క సాఫ్టువేరు "యంత్రం" అనే మాటకు, "రక్షితం" అనే మాటకు వేర్వేరు నిర్వచనాలు ఇచ్చుకోవడమే దీనికి ప్రధాన కారణం. ఈ నిర్వచనాలు తెలియకుండా ఆ సంఖ్యను నమ్మితే, ప్రమాదం జరిగిన రోజున నకలు ఉన్నదనుకున్న యంత్రానికి నకలు లేదని బయటపడవచ్చు.

నేపథ్యం

కంప్యూటరు పాడైనా, దొంగతనానికి గురైనా, పొరపాటున ఫైళ్ళు చెరిగిపోయినా తిరిగి తెచ్చుకోవడానికి వీలుగా సమాచారాన్ని మరొకచోట భద్రపరచడాన్ని బ్యాకప్ అంటారు. తొలినాళ్ళలో ఒక పెద్ద కంప్యూటరు, దాని పక్కన ఒక అయస్కాంత టేపు యంత్రం ఉండేవి. టేపు మీద అతికించిన చీటీ, పక్కనున్న పుస్తకంలో రాసిన తేదీ, ఇవే అప్పటి డాష్‌బోర్డు. యంత్రం ఒక్కటే కాబట్టి లెక్కించే అవసరం రాలేదు.

కార్యాలయాలలో కంప్యూటర్లు పెరిగి, అవి ఒకదానితో ఒకటి అనుసంధానమైన తరువాత అన్నింటి నకళ్ళనూ ఒకేచోట చేర్చే సాఫ్టువేర్లు వచ్చాయి. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన అమాండా, 2000లో మొదలై 2002లో విడుదలైన బాక్యులా ఈ కోవకు చెందిన స్వేచ్ఛా సాఫ్టువేర్లు. 2001లో వీఎంవేర్ సంస్థ ఈఎస్ఎక్స్ సర్వరును విడుదల చేశాక ఒకే పెట్టెలో అనేక వర్చువల్ యంత్రాలను నడపడం సాధారణ సర్వర్లలోకి వచ్చింది. 2006లో అమెజాన్ ఈసీ2 సేవ మొదలయ్యాక కంటికి కనిపించని యంత్రాలను గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం అలవాటైంది. ఈ మార్పులతో "మా దగ్గర ఎన్ని యంత్రాలు ఉన్నాయి?" అనే చిన్న ప్రశ్నకు కూడా ఒకే సమాధానం లేకుండా పోయింది.

యంత్రం అనగా ఏది?

డాష్‌బోర్డు లెక్కలో ఒక యంత్రంగా నమోదయ్యేవి ప్రధానంగా ఇవి:

- భౌతిక యంత్రం: బల్ల మీద ఉండే డెస్క్‌టాపు, చేతిలోని ల్యాప్‌టాపు, గదిలోని సర్వరు. వీటిలో ఏజెంటు అనే చిన్న ప్రోగ్రామును స్థాపిస్తారు. ఆ ఏజెంటే సమాచారాన్ని బ్యాకప్ సర్వరుకు పంపుతుంది.
- వర్చువల్ యంత్రం: హైపర్‌వైజరు అనే సాఫ్టువేరు మీద నడిచే యంత్రం. దీని నకలును లోపల ఏజెంటు లేకుండానే హైపర్‌వైజరు ద్వారా బయటి నుంచి తీసుకోవచ్చు.
- అప్లికేషను: యంత్రంలో నడిచే డేటాబేసు వంటిది. కొన్ని సాఫ్టువేర్లు డేటాబేసును అది నడిచే యంత్రం నుంచి వేరుచేసి మరొక అంశంగా లెక్కిస్తాయి.
- ఫైళ్ళ భాండారం: నెట్‌వర్కు మీద పంచుకునే నిల్వ పెట్టె. దీనిని పెట్టెల సంఖ్యతో కాక నిల్వ పరిమాణంతో కొలవడం వాడుక.

ఈ నాలుగింటినీ కలిపి ఒకే సంఖ్యగా చూపే డాష్‌బోర్డులో 50 అని కనిపిస్తే, అవి 50 పెట్టెలు అని అర్థం చేసుకోకూడదు. బాక్యులాలో ప్రతి యంత్రాన్నీ "క్లయింటు" అనీ, దానిపై జరిగే ప్రతి పనినీ "జాబు" అనీ వ్యవహరిస్తారు. ఒక క్లయింటుకు ఎన్ని జాబులైనా ఉండవచ్చు. అందువలన 60 జాబులు విజయవంతమయ్యాయి అంటే 60 యంత్రాలకు నకళ్ళు వచ్చాయని కాదు.

రక్షితం అనగా ఏమిటి?

"రక్షితం" అనే మాటకు కనీసం ఐదు అర్థాలు వాడుకలో ఉన్నాయి. ఇవి మెట్ల వంటివి. పై మెట్టుకు వెళ్ళేకొద్దీ నిబంధన కఠినమవుతుంది, లెక్కకు వచ్చే యంత్రాల సంఖ్య తగ్గుతుంది.

1. నమోదైనది: యంత్రం పేరు జాబితాలో ఉన్నది, లేదా దానిలో ఏజెంటును స్థాపించారు. నకలు తీసుకున్నారా లేదా అన్నది ఈ మెట్టులో ప్రశ్న కాదు.
2. ఎప్పుడో ఒకసారి నకలు తీసినది: కనీసం ఒక పునరుద్ధరణ బిందువు ఉన్నది. ఏ సమయానికి ఉన్న స్థితికి యంత్రాన్ని తిరిగి తేగలమో ఆ సమయపు నకలును పునరుద్ధరణ బిందువు అంటారు. అది నిన్నటిది కావచ్చు, రెండేళ్ళ కిందటిది కావచ్చు.
3. గడువులోపు నకలు ఉన్నది: నిర్ణీత కాలంలో, అనగా 24 గంటలు, 7 రోజులు లేదా 31 రోజుల్లో, తీసిన బిందువు ఉన్నది.
4. పూర్తి నకలు ఉన్నది: ఆ బిందువులో యంత్రపు అన్ని డిస్కులూ, డేటాబేసులూ లోపం లేకుండా చేరాయి.
5. తిరిగి తెచ్చి చూసినది: ఆ నకలు నుంచి యంత్రాన్ని నిజంగా నడిపి సరిచూశారు.

డాష్‌బోర్డులలో ఎక్కువగా కనిపించేవి మొదటి మూడు మెట్లు. యజమానికి నిజంగా కావలసినది ఐదవ మెట్టు.

నాలుగవ మెట్టు విషయంలో ఒక సంగతి గమనించాలి. నిల్వ స్థలం పొదుపు చేసేందుకు కొన్ని డిస్కులను నకలు నుంచి మినహాయించే వీలు చాలా సాఫ్టువేర్లలో ఉంది. యంత్రానికి మూడు డిస్కులుండి, రెండింటికే నకలు తీసినా జాబు "విజయవంతం" అనే చూపబడుతుంది, ఎందుకంటే తనకు చెప్పిన పనిని అది పూర్తిచేసింది. అలాగే "హెచ్చరికతో పూర్తయినది" అనే స్థితిని కొన్ని డాష్‌బోర్డులు ఆకుపచ్చ రంగులోను, కొన్ని పసుపు రంగులోను చూపుతాయి. తెరిచి ఉన్న ఫైలును చదవలేక వదిలివేయడం ఇటువంటి హెచ్చరికలకు ఒక సాధారణ కారణం. వదిలివేసిన ఆ ఫైలు డేటాబేసు ఫైలే అయితే, మిగిలిన నకలు ఉన్నా ప్రయోజనం స్వల్పం.

గుర్తింపు వలన వచ్చే తేడాలు

బ్యాకప్ సాఫ్టువేరు యంత్రాన్ని మనిషిలా చూసి గుర్తుపట్టలేదు. పేరు, నెట్‌వర్కు చిరునామా లేదా ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ద్వారా పోల్చుకుంటుంది. ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి.

ఒకే యంత్రం రెండుగా కనిపించడం: వర్చువల్ యంత్రాన్ని హైపర్‌వైజరు జాబితా నుంచి తొలగించి మళ్ళీ చేర్చినప్పుడు, వీఎంవేర్ వ్యవస్థ దానికి కొత్త అంతర్గత సంఖ్యను ఇస్తుంది. ఆ సంఖ్యను ఆధారం చేసుకునే సాఫ్టువేరు దానిని కొత్త యంత్రంగా భావిస్తుంది. పాత పేరుతో పాత నకళ్ళు, కొత్త నమోదుతో కొత్త నకళ్ళు పక్కపక్కన నిలుస్తాయి. ఒకే యంత్రానికి హైపర్‌వైజరు ద్వారా ఒకటి, లోపలి ఏజెంటు ద్వారా మరొకటి నకలు తీసినప్పుడు కూడా ఇలాగే జరగవచ్చు. వాడుకలోంచి తీసివేసిన యంత్రం పాత నకళ్ళు ఉన్నంతకాలం జాబితాలో కొనసాగడం మరొక రకం.

రెండు యంత్రాలు ఒకటిగా కనిపించడం: ఇది మరింత ప్రమాదకరం. ప్రయోగశాలలోని ఒక కంప్యూటరును సిద్ధం చేసి, దాని డిస్కును యథాతథంగా మిగిలిన వాటిలోకి నకలు చేయడం వాడుక. ముందుగానే ఏజెంటును స్థాపించి ఉంటే, దాని గుర్తింపు సంఖ్య కూడా అన్ని యంత్రాలలోకి వెళుతుంది. లినక్స్ యంత్రాలలో ప్రతి యంత్రానికీ విడిగా ఉండవలసిన మెషీన్-ఐడీ సంఖ్య కూడా ఇలాగే నకలవుతుంది. అప్పుడు బ్యాకప్ సర్వరుకు పది యంత్రాలు ఒకే యంత్రంగా కనిపించవచ్చు. డాష్‌బోర్డులో ఒక్క పేరు ఉంటుంది, అది ప్రతిరోజూ ఆకుపచ్చగానే ఉంటుంది.

హారం సమస్య

రక్షణను శాతంగా చెప్పినప్పుడు అది ఒక భిన్నం. లవంలో రక్షిత యంత్రాల సంఖ్య, హారంలో మొత్తం యంత్రాల సంఖ్య ఉంటాయి. అయితే చాలా డాష్‌బోర్డులు హారంగా తీసుకునేది తమకు తెలిసిన యంత్రాల సంఖ్యను మాత్రమే. ఎవరూ నమోదు చేయని యంత్రం లవంలోనూ ఉండదు, హారంలోనూ ఉండదు. అది లేకపోవడం వలన శాతం తగ్గదు. కాబట్టి "100 శాతం రక్షితం" అనే ప్రకటనకు "జాబితాలో ఉన్న వాటిలో" అనే మాటను పాఠకుడే చేర్చుకోవాలి.

హైపర్‌వైజరు జాబితాను నేరుగా చదివే సాఫ్టువేర్లు వర్చువల్ యంత్రాల విషయంలో ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దుతాయి. నకలు లేని యంత్రాలను అవి విడిగా చూపగలవు. భౌతిక యంత్రాలకు మాత్రం కొనుగోలు పుస్తకం, నెట్‌వర్కు పరిశీలన వంటి బయటి ఆధారం అవసరం.

ఉదాహరణ

ఒక కళాశాలలో 30 డెస్క్‌టాపులు, 4 సర్వర్లు ఉన్నాయనుకుందాం. సర్వర్లలో రెండింటి మీద కలిపి 12 వర్చువల్ యంత్రాలు నడుస్తున్నాయి. భౌతిక యంత్రాలు 34, వర్చువల్ యంత్రాలు 12, మొత్తం 46.

డెస్క్‌టాపులన్నింటిలోను, మిగిలిన రెండు సర్వర్లలోను ఏజెంట్లు ఉన్నాయి. వర్చువల్ యంత్రాలను హైపర్‌వైజరు ద్వారా నమోదు చేశారు. వాటిలో డేటాబేసు నడిచే ఒకదానికి అదనంగా ఏజెంటు కూడా పెట్టారు. వర్చువల్ యంత్రాలను మోసే రెండు సర్వర్లను ఎవరూ నమోదు చేయలేదు. ఆరు డెస్క్‌టాపులు రెండు నెలలుగా ఆపి ఉన్నాయి. ఒక వర్చువల్ యంత్రాన్ని ఈ రోజే సృష్టించారు. గత రాత్రి మూడు డెస్క్‌టాపులలో జాబు విఫలమైంది. అప్పుడు లెక్కలు ఇలా ఉంటాయి:

- నమోదైనవి: 30 + 2 + 12 + 1 = 45
- ఎప్పుడో ఒకసారి నకలు తీసినవి: 45 - 1 = 44
- 31 రోజుల్లోపు నకలు ఉన్నవి: 44 - 6 = 38
- గత రాత్రి విజయవంతమైనవి: 38 - 3 = 35
- డేటాబేసు యంత్రాన్ని ఒక్కసారే లెక్కిస్తే: 34

ఈ ఐదు సంఖ్యలలో ఏదీ అబద్ధం కాదు. గత రాత్రి మొదలైన 38 జాబులలో 35 నెగ్గాయి కనుక "విజయ శాతం 92" అని ఒక డాష్‌బోర్డు చూపవచ్చు. నమోదైన 45లో 35 కనుక "78 శాతం" అని మరొకటి చూపవచ్చు. కళాశాలలోని 46 యంత్రాలలో 34కు మాత్రమే గత రాత్రి నకలు ఉన్నది, అనగా 74 శాతం. ఆపి ఉన్న ఆరు డెస్క్‌టాపులలో జాబు మొదలే కాలేదు కాబట్టి అవి విఫలమైన వాటిలోనూ కనిపించవు. పరీక్షకు రాని విద్యార్థిని తప్పినవారిలో లెక్కించకుండా ఉత్తీర్ణత శాతం చెప్పడం వంటిదే ఇది.

లైసెన్సు లెక్క

బ్యాకప్ సాఫ్టువేరు సంస్థలు రుసుము వసూలు చేయడానికి మరొక రకమైన లెక్కను వాడతాయి. దీని ఉద్దేశం రక్షణను కొలవడం కాదు, వాడుకను కొలవడం.

వీమ్ సంస్థ 2006లో ప్రారంభమైంది. దాని యూనివర్సల్ లైసెన్సు పద్ధతిలో ఒక వర్చువల్ యంత్రానికి లేదా ఒక సర్వరుకు ఒక యూనిట్, మూడు వర్క్‌స్టేషన్లకు ఒక యూనిట్ చొప్పున లెక్క కడతారు. గత 31 రోజుల్లో నకలు తీసిన యంత్రాన్నే ఈ లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి నెల రోజులకు పైగా నకలు తీయని యంత్రం లైసెన్సు లెక్క నుంచి జారిపోతుంది, దాని పాత నకళ్ళు మాత్రం నిల్వలోనే ఉంటాయి. మరోవైపు, నకలు తీసి 30 రోజులైన యంత్రం కూడా లైసెన్సు లెక్కలో ఉంటుంది. నెలనాటి నకలు బ్యాంకు ఖాతాల డేటాబేసుకు ఏమాత్రం చాలదు. ఇదే సంస్థకు చెందిన వీమ్ వన్ అనే పర్యవేక్షణ సాఫ్టువేరులో రక్షిత యంత్రాల నివేదిక వేరొక సూత్రాన్ని పాటిస్తుంది. వినియోగదారుడు ఇచ్చిన కాలపరిమితిలో పునరుద్ధరణ బిందువు ఉంటేనే ఆ యంత్రాన్ని రక్షితంగా చూపుతుంది. ఒకే సంస్థ సాఫ్టువేర్లలోనే రెండు సంఖ్యలు ఎందుకు వేరుగా ఉంటాయో దీనిని బట్టి తెలుస్తుంది.

మైక్రోసాఫ్ట్ వారి అజూర్ బ్యాకప్ సేవలో "రక్షిత ఇన్‌స్టెన్స్" అనేది రుసుముకు ఆధారం. 50 గిగాబైట్ల వరకు ఒక ధర, ఆపైన 500 గిగాబైట్ల వరకు మరొక ధర, అటుపైన ప్రతి 500 గిగాబైట్లకు అదనపు ధర ఉంటాయి. అనగా 1.2 టెరాబైట్ల సమాచారం ఉన్న ఒక్క యంత్రానికి మూడు వంతుల రుసుము పడుతుంది. రక్షణను నిలిపివేసి పాత నకళ్ళను మాత్రం ఉంచుకునే వీలు కూడా ఈ సేవలో ఉంది. అటువంటి అంశాలు కొత్త నకళ్ళు రాకపోయినా జాబితాలో కనిపిస్తూనే ఉంటాయి.

యూఆర్‌బ్యాకప్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రతి యంత్రానికీ ఫైళ్ళ నకలు స్థితిని ఒక గడిలోను, మొత్తం డిస్కు నకలు స్థితిని మరొక గడిలోను చూపుతుంది. ఒక గడి బాగుండి రెండవది పాతబడి ఉండవచ్చు. ఈ రెండింటినీ ఒక్క సంఖ్యగా కలపకపోవడం చదివేవారికి మేలు.

లెక్కకు వాస్తవానికి తేడా వచ్చిన సంఘటనలు

గిట్‌ల్యాబ్, 2017: ప్రోగ్రాములను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సేవలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేసు ఫైళ్ళను చెరిపివేశాడు. సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లే మిగిలాయి. నకళ్ళ కోసం వెదకగా, అమెజాన్ నిల్వలో ఉండవలసిన నకళ్ళ స్థానం ఖాళీగా కనిపించింది. డేటాబేసు 9.6 సంచికకు చెందినది కాగా నకలు తీసే పనిముట్టు 9.2 సంచికది కావడంతో ఆ పని విఫలమవుతూ వచ్చింది. వైఫల్యాన్ని తెలిపే ఈ-మెయిళ్ళను, పంపినవారి ప్రామాణికత తేలక, మెయిల్ సర్వరు తిరస్కరించింది. దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ ద్వారా సేవను పునరుద్ధరించారు. ఈ మధ్యకాలంలో చేరిన సుమారు 5000 ప్రాజెక్టులు, 5000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల సమాచారం పోయింది. "విఫలమైంది" అనే వార్త అందకపోవడాన్ని "విజయవంతమైంది" అని అనుకోరాదని ఈ సంఘటన చాటింది.

ఢిల్లీ ఎయిమ్స్, 2022: 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థపై సైబరు దాడి జరిగింది. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం చదవడానికి వీలులేని సంకేత రూపంలోకి మారిపోయిందని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. దాడికి గురికాని ఒక బ్యాకప్ సర్వరు నుంచి ఈ-హాస్పిటల్ సమాచారాన్ని తిరిగి తెచ్చారు. నకలు ఉండటంతోపాటు అది దాడి చేరలేని చోట ఉండటం ఎంత ముఖ్యమో దీనివలన తెలుస్తుంది. డాష్‌బోర్డులోని సంఖ్య సాధారణంగా ఈ రెండవ విషయాన్ని చెప్పదు.

దక్షిణ కొరియా, 2025: 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ సమాచార కేంద్రంలో లిథియం బ్యాటరీల వలన అగ్నిప్రమాదం జరిగింది. ఉద్యోగుల పత్రాలు దాచే జి-డ్రైవ్ అనే నిల్వ వ్యవస్థలో 858 టెరాబైట్ల సమాచారం ఉండగా, దానికి వేరొకచోట నకలు లేదు. ఆగిపోయిన వ్యవస్థలు 647 అని ప్రభుత్వం మొదట ప్రకటించింది. వ్యవస్థల జాబితాను నిర్వహించే సాఫ్టువేరు కూడా ఆ ప్రమాదంలోనే ఆగిపోయింది. దానిని పునరుద్ధరించిన తరువాత ఆ సంఖ్యను 709గా సవరించారు. ఏమేమి ఉండేవో చెప్పే జాబితాకు కూడా వేరొకచోట నకలు అవసరమని ఈ సంఘటన చెబుతుంది.

డాష్‌బోర్డును చదివే పద్ధతి

రక్షిత యంత్రాల సంఖ్యను చూసినప్పుడు ఈ క్రింది ప్రశ్నలు వేసుకోవడం మంచిది:

- ఇక్కడ యంత్రం అనగా పెట్టెయా, వర్చువల్ యంత్రమా, డేటాబేసా, లేక జాబా?
- రక్షితం అనగా పై ఐదు మెట్లలో ఏది? ఎన్ని రోజుల గడువు?
- శాతంలోని హారం ఎక్కడి నుంచి వచ్చింది?
- ఆపి ఉన్న యంత్రాలు, హెచ్చరికతో పూర్తయినవి ఏ వర్గంలోకి వెళ్ళాయి?
- ఈ సంఖ్య రక్షణను కొలిచేదా, రుసుమును కొలిచేదా?

నెలకొకసారి సంస్థ ఆస్తుల జాబితాను బ్యాకప్ జాబితాతో పేరు పేరునా సరిచూడటం అన్నింటికన్నా సులభమైన తనిఖీ. మొత్తాలు సమానమైతే చాలదు. ఒక పాత యంత్రం మిగిలిపోయి, ఒక కొత్త యంత్రం చేరకపోయినా మొత్తాలు సమానంగానే ఉంటాయి. దీనితోపాటు అప్పుడప్పుడు ఏదో ఒక యంత్రాన్ని నకలు నుంచి తిరిగి నడిపి, ఆ తేదీని నమోదు చేయాలి. మార్చి 31ని 2011 నుంచి ప్రపంచ బ్యాకప్ దినంగా పాటిస్తున్నారు. ఈ తనిఖీకి కనీసం ఆ రోజును కేటాయించుకోవచ్చు.

ఇంట్లో వాడే కంప్యూటరుకు, ఫోనుకు కూడా ఇదే వర్తిస్తుంది. "బ్యాకప్ పూర్తయింది" అనే సందేశం పక్కన ఉండే తేదీని, అందులో చేరిన అంశాల జాబితాను చూడాలి. ఫోటోలకు నకలు ఉండి, ఫోను నంబర్లకు లేకపోవడం తరచు జరిగేదే.

ఇవి కూడా చూడండి

- బ్యాకప్
- వర్చువల్ యంత్రం
- హైపర్‌వైజరు
- డేటాబేసు
- స్వేచ్ఛా సాఫ్టువేరు